హెల్మెట్ లోపలి చెవి ఎవరి మాట వినవలెను?

సంఘాలు పెద్ద సమస్యలను గురించే మాట్లాడవలెనని, చిన్న వస్తువుల జోలికి పోరాదని మనలో కొందరి అభిప్రాయం. వేతన సవరణ, కరువు భత్యం, పింఛను, ఖాళీల భర్తీ వంటి విషయాలు మన ముందుండగా, హెల్మెట్ క్రింద నొప్పి పుట్టించని ఇయర్‌ఫోన్లు ఏవి అనే ప్రశ్నకు ఈ పుటలలో చోటెందుకని వారు అడుగవచ్చును. కాని గ్యాంగ్‌మన్ కాలికి బూటు, పోస్ట్‌మన్ భుజానికి సంచి, వానకాలపు కోటు కూడా ఒకప్పుడు చిన్న వస్తువులే. పనిచేసే మనిషి శరీరాన్ని తాకే ప్రతి వస్తువూ అతని పని పరిస్థితులలో భాగమే. అది నొప్పి పెడుతున్నదంటే, ఆ నొప్పి ఎక్కడ పుట్టినదో విచారించడం సంఘం విధి.

ఈ ప్రశ్నను విచారించడానికి సూరత్ నగరంలోని లింబాయత్ పేటకంటె తగిన చోటు అరుదు. ముంబై–అహ్మదాబాదు రైలుమార్గానికి ఒక ప్రక్క సూరత్ స్టేషను, రింగ్ రోడ్డు వస్త్ర విపణులు. మరొక ప్రక్క లింబాయత్. ఈ రెంటినీ కలిపే దారులలో ప్రధానమైనది పట్టాల క్రిందుగా పోయే వంతెన. అక్కడివారు దానిని గరనాలా అంటారు. గట్టి వాన కురిస్తే అందులో నీరు నిలుస్తుంది. సమీపంలోనే ఉధనా జంక్షను, అక్కడినుండి జలగాం వైపు చీలిపోయే తపతీ లైను ఉన్నవి. ఈ పేటలోను, దాని చుట్టుప్రక్కలను మరాఠీ, హిందీ, ఒడియా మాట్లాడేవారితోపాటు మన తెలుగువారు కూడా తరాల తరబడి నివసిస్తున్నారు. వారిలో అధికులు కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాలనుండి మగ్గాన్ని నమ్ముకొని వలస పోయిన పద్మశాలీలు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడిపినదంటే, ఆ వలస ఎంత పెద్దదో ఊహించుకొనవచ్చును.

తండ్రులు మరమగ్గాల మధ్య జీవితం గడిపారు. కొడుకులలో అనేకులు నేడు మోటారు సైకిలు ఎక్కారు. చీరల మూటలను రింగ్ రోడ్డుకు చేర్చేవారు, ఇంటింటికీ పార్సెళ్ళు అందించేవారు, అద్దె ప్రయాణికులను ఎక్కించుకొనేవారు వీరే. అదే వీధులలో మన పోస్ట్‌మన్ తిరుగుతున్నాడు. రాత్రి డ్యూటీ దిగిన రైల్వే ఉద్యోగి తెల్లవారుజామున అదే గరనాలా గుండా ఇల్లు చేరుకుంటున్నాడు. వీరందరి తలపై హెల్మెట్, జేబులో ఫోను. ఈ రెండు వస్తువుల నడుమ ఇరుక్కొన్నది చెవి.

హెల్మెట్ వ్యవహారం అక్కడ కొంతకాలం ఊగిసలాడినది. 2019 డిసెంబరులో గుజరాత్ ప్రభుత్వం నగరపాలక, పురపాలక పరిధులలో హెల్మెట్ ఐచ్ఛికమని ప్రకటించి, తరువాత వెనుకకు తగ్గినది. 2025 ఫిబ్రవరి 15 నుండి సూరత్ పోలీసులు నిబంధనను గట్టిగా అమలు జరుపసాగారు. అంతవరకు ఫోను మ్రోగగానే దానిని భుజానికి, చెవికి మధ్య ఇరికించుకొని మాట్లాడుతూ బండి నడిపినవారు, ఇప్పుడు ఆ ఫోనునే హెల్మెట్ లోపలికి దోపుకుంటున్నారు. లేదా ఇయర్‌ఫోన్లు కొనుక్కుంటున్నారు. కొన్నవి చెవిని నొక్కుతున్నవి. ‘నొక్కనివి ఏవి?’ అన్న ప్రశ్న ఆ విధంగా పుట్టినది.

హెల్మెట్ అవసరమా కాదా అన్న చర్చకు తావు లేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022 లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో హెల్మెట్ ధరించనివారు 50,029 మంది. హెల్మెట్ మరణావకాశాన్ని సుమారు 42 శాతం, తల గాయాలను సుమారు 69 శాతం తగ్గిస్తుందని అనేక దేశాల పరిశోధనలను క్రోడీకరించిన పరిశీలకులు తేల్చారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను దానిని తప్పనిసరి చేసినది. 2019 సవరణ తరువాత ఉల్లంఘనకు వేయి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుపై అనర్హత విధించవచ్చును. కనుక హెల్మెట్‌ను చెవికి అనుగుణంగా సడలించడం కాక, తక్కినవాటిని హెల్మెట్‌కు అనుగుణంగా సర్దుకొనడమే సరియైన మార్గం.

అయినా చెవిలో ఏదో ఒకటి పెట్టుకొనవలసిన అవసరం ఎందుకు కలిగినది? కొందరు పెద్దలు ఇది యువకుల పాటల పిచ్చి అని కొట్టివేస్తారు. అది సగం సత్యం కూడా కాదు. ఒకప్పుడు రన్నింగ్ సిబ్బందిని డ్యూటీకి పిలవడానికి కాల్‌బాయ్ ఇంటికి నడచి వచ్చేవాడు. పుస్తకంలో సంతకం తీసుకొనేవాడు. నేడు ఆ పిలుపు ఫోనులో వస్తున్నది. ఒకప్పుడు పోస్ట్‌మన్ ఉదయం ఉత్తరాలు వర్గీకరించుకొని బీటుకు బయలుదేరితే, తిరిగి ఆఫీసు చేరేవరకు అతని పనికి అతడే యజమాని. నేడు అతని సంచిలోని ఫోనే సగం ఆఫీసు. బట్వాడా నమోదు దానిలోనే. 2018 సెప్టెంబరు 1న ప్రారంభమైన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు లావాదేవీలు దానిలోనే. చిరునామా దొరకనప్పుడు గ్రహీతతో సంభాషణ దానిలోనే. ప్రైవేటు పార్సెల్ యువకుని సంగతి చెప్పనక్కరలేదు. అతనికి పని చూపేదీ, దారి చూపేదీ, ఆలస్యమైతే మందలించేదీ ఆ ఫోనే.

పని సాధనం మారినది. దాని ఖర్చు మాత్రం ఉద్యోగి జేబుమీదనే పడినది. ఇందుకు ఒక నిదర్శనం చెప్పవలసి ఉన్నది. ఏడవ వేతన సంఘం సైకిలు భత్యాన్ని రద్దు చేయవలెనని సిఫారసు చేసినది. తపాలా శాఖలో పోస్ట్‌మన్లు, రైల్వేలలో ట్రాక్‌మన్లు ఇంకను సైకిళ్ళు వాడుతున్నారన్న కారణంతో ప్రభుత్వం దానిని కొనసాగించి, 2017 జూలైలో నెలకు 90 రూపాయలనుండి 180 రూపాయలకు పెంచినది. మన రెండు రంగాలనూ ఒకే వాక్యంలో తలచిన ఉత్తర్వు అది. భత్యం నిలిచినందుకు సంతోషమే. కాని ఆ ఉత్తర్వు ఊహించిన మనిషి గంట మ్రోగించుకుంటూ సైకిలుపై పోయేవాడు. వీధిలో నిజంగా కనిపించే మనిషి సొంత మోటారు సైకిలుపై, సొంత పెట్రోలుతో, సొంత హెల్మెట్‌తో, చెవిలో సొంత ఇయర్‌ఫోన్లతో పోతున్నాడు. శాఖ ఊహకు, వీధి వాస్తవానికి నడుమ ఉన్న దూరమంతా అతని నెల జీతంలోనుండి పూడుతున్నది.

ఇక ప్రశ్నకు నేరుగా వత్తాము. నొప్పి ఎందుకు కలుగుతున్నది? హెల్మెట్ లోపల బుగ్గలను, కణతలను పట్టి ఉంచే మెత్తలు ఉంటాయి. బయటి చెవి సహజంగా కొంత ముందుకు పొడుచుకొని ఉంటుంది. చెవిలో గట్టి ప్లాస్టిక్కు గుండీ ఉండగా హెల్మెట్ తొడిగితే, మెత్త ఆ గుండీని నొక్కుతుంది. గుండీ చెవి మృదులాస్థిని నొక్కుతుంది. పావుగంటలో మంట, గంటలో తలనొప్పి. క్రిందికి కాడ వ్రేలాడే రకమైతే హెల్మెట్ తొడిగేటప్పుడు ఊడిపోతుంది, లేదా లోనికి గ్రుచ్చుకుంటుంది. మెడచుట్టూ పట్టీ ఉండే రకం హెల్మెట్ వెనుక అంచుకు, సంచి పట్టెడకు తగిలి చెవిని లాగుతుంది. చెవి ముందరి ఎముకపై ఆనుకొని ధ్వనిని పంపే రకం చెవి రంధ్రాన్ని మూయదు గాని, దాని పట్టీ కణతవద్ద ఒత్తుకుంటుంది. ముఖం మూయని హెల్మెట్‌కు కొంత సరిపడినా, ముఖం నిండుగా మూసే హెల్మెట్‌లో ఇమడదు.

ఈ బాధ తప్పించుకొనడానికి మనవారు చేస్తున్న రెండు పనులు మిక్కిలి ప్రమాదకరమైనవి. మొదటిది, చెవికి చోటు దొరకవలెనని ఒక సైజు పెద్ద హెల్మెట్ కొనడం. వదులైన హెల్మెట్ దెబ్బ తగిలిన క్షణంలో తిరిగిపోతుంది, లేదా ఎగిరిపోతుంది. రెండవది, హెల్మెట్ లోపలి థర్మోకోలును చాకుతో చెక్కి గుంట చేయడం. ఆ థర్మోకోలు అలంకారం కాదు. దెబ్బ తగిలినప్పుడు తాను నలిగి, ఆ తాకిడిని మెదడుకు చేరనీయకుండా మ్రింగేది అదే. దానిని చెక్కినవాడు తన కపాలంలో కొంత భాగాన్ని చెక్కుకొన్నట్లే. కణతవద్ద గట్టి వస్తువును, ముఖ్యంగా ఫోనును దోపుకొనడం కూడా ఇంచుమించు అంతే. పడినప్పుడు ఆ వస్తువే తలలోనికి దిగే మేకవుతుంది.

కనుక కొనుగోలు క్రమం ఇది. ముందు హెల్మెట్, తరువాతనే తక్కినవి. ఐ.ఎస్. 4151 ప్రమాణాన్ని తెలిపే ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదే తీసుకొనవలెను. 2021 జూన్ 1 నుండి ఆ ముద్ర లేని ద్విచక్ర వాహన హెల్మెట్ల అమ్మకమే చట్టవిరుద్ధం. దుకాణంలోనే తలకు తొడిగి, పట్టీ బిగించి, కొంతసేపు ఉంచుకొని చూడవలెను. తల అటునిటు త్రిప్పితే బుగ్గల చర్మం దానితోపాటు కదలవలెను. ఏ ఒక్క చోటను బాధ కలిగించే ఒత్తిడి ఉండరాదు. చెవులవద్ద గుంటలు ముందే తీర్చిన హెల్మెట్లు దొరుకుతున్నవి. ఆ గుంటలలో ఇమిడే పలుచని బిళ్ళల వంటి స్పీకర్లు చెవిలోనికి దిగవు. చెవి రంధ్రం తెరచియే ఉంటుంది. వీధి ధ్వనులు వినవస్తూనే ఉంటాయి. దారి చెప్పే మాటను తగ్గు స్వరంలో వినడానికి, ఉన్నవాటిలో సౌకర్యమైనదీ, ప్రమాదం తక్కువైనదీ ఇదే. చెవిలో పెట్టుకొనేదే కావలెనన్నవారు కాడ లేక, చెవి గిన్నెకు సమంగా ఇమిడిపోయే చిన్న రకాన్ని ఎంచుకొనవలెను. వానకాలంలో చెమట, తడి కలిసి చెవి రంధ్రంలో పుండ్లు పడతాయి. కనుక దానిని ప్రతిదినం తుడిచి వాడవలెను, తోటివాని దానిని అరువు తీసుకొనరాదు.

ఒక చెవిలోనే పెట్టుకుంటే చాలదా అని కొందరు అడుగుతారు. రెండూ మూయడంకంటె అది మేలే. మన దేశంలో ఎడమ ప్రక్క నడుపుతాము గనుక, దాటిపోయే వాహనం వచ్చే కుడివైపు చెవిని తెరచి ఉంచడం ఉచితం. కాని ధ్వని ఏ దిక్కునుండి వచ్చినదో మెదడు రెండు చెవులను సరిపోల్చుకొనియే గ్రహిస్తుంది. ఒక చెవి మూసినవానికి హారను వినబడుతుంది గాని, అది ఏ ప్రక్కనుండి వచ్చినదో తెలియదు. లింబాయత్ సందులలో, ఆటోలు, చేతిబండ్లు, చీరల మూటలు, పిల్లలు కలగలిసి కదిలే చోట, ఆ దిక్కు తెలియకపోవడం చిన్న లోపం కాదు. అందుచేత సందులలో తిరిగే పోస్ట్‌మన్‌కు మా సలహా ఒక్కటే: చెవిలో ఏదీ వద్దు. ఫోను మ్రోగితే బండి ఆపి మాట్లాడండి.

హైవేమీద చాలాసేపు వేగంగా ప్రయాణించేవారి సంగతి వేరు. వేగం గంటకు 60, 70 కిలోమీటర్లు దాటిన తరువాత హెల్మెట్ లోపల ఇంజను ధ్వనికంటె గాలి హోరే అధికమవుతుంది; 100 కిలోమీటర్లవద్ద అది 90 డెసిబెల్‌లను మించుతుంది. ఆ హోరుపైన పాట వినవలెనని ధ్వని పెంచితే రెండూ కలిసి చెవిని కొడతాయి. అక్కడ ఉపయోగించేది పాట కాదు, నురుగు రబ్బరుతో చేసిన చెవి బిరడా. దాని వెల స్వల్పం, హెల్మెట్ క్రింద ఒత్తుకొనదు. అది హోరునూ హారనునూ కలిపియే తగ్గిస్తుంది గనుక, హోరు తగ్గిన చెవి హారనును గుర్తించగలుగుతుంది.

ఇక్కడనే లింబాయత్ మనకు నేర్పే ప్రధాన పాఠం ఉన్నది. మరమగ్గాల షెడ్డులో ధ్వని తరచు 90 డెసిబెల్‌లను మించి, 100 సమీపానికి కూడా పోతుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 85 డెసిబెల్‌లను ఎనిమిది గంటలకు పరిమితిగా నిర్ణయించి, ప్రతి మూడు డెసిబెల్‌ల పెరుగుదలకు వ్యవధిని సగానికి తగ్గించినది. ఆ లెక్కన 100 డెసిబెల్‌లవద్ద చెవి భరించగలిగేది పావుగంట మాత్రమే. మగ్గంవద్ద షిఫ్టు పన్నెండు గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం, ఇయర్‌ఫోన్లతో వినేవారు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్‌లను మించరాదు. మగ్గపు ధ్వని మొదట హరించేది సన్నని, హెచ్చు స్థాయి స్వరాలను. అంటే మాటలలో స, శ, త, క వంటి అక్షరాల స్పష్టత ముందు పోతుంది. మనిషి చెవిటివాడుగా కనబడడు గాని, ఎదుటివాని మాట అర్థం కాదు. అట్టివాడు ఫోనులో మాట వినడానికి ధ్వని పెంచుతాడు. పెంచినకొద్దీ మిగిలిన వినికిడి కూడా పోతుంది. బాల్యంనుండి మగ్గాల ప్రక్క పెరిగి, యౌవనంలో షెడ్డులో నాలుగేళ్ళు పనిచేసి, తరువాత బండి ఎక్కిన యువకునికి ఈ నష్టం ముందే మొదలై ఉండవచ్చును. అతని ధ్వని మీటను చూచి పాటల పిచ్చి అని నవ్వేవారు ఈ సంగతి ఆలోచించవలెను.

ఇది ఇంజను పుటలో గంటల తరబడి కూర్చొనే లోకో పైలట్‌కూ, డీజిలు షెడ్డు ఫిట్టరుకూ వర్తిస్తుంది. అందరికంటె ఎక్కువగా ట్రాక్‌మన్‌కు వర్తిస్తుంది. పట్టాల మీద వంగి పనిచేసే వానికి వెనుకనుండి వచ్చే బండిని తెలిపేది చెవియే. ఇంటికీ పనికీ నడుమ రోడ్డుమీద దినానికి గంటసేపు పెద్ద ధ్వనితో ఆ చెవిని అరగదీసుకొన్నవాడు, పట్టాలమీద తన కాపలాదారును తానే పోగొట్టుకుంటున్నాడు. రాత్రి డ్యూటీ దిగి నిద్ర ఆపుకొనడానికి చెవిలో పాట పెట్టుకొనే సోదరులకు కూడా ఒక మాట: పాట నిద్రను వాయిదా వేయదు, నిద్ర వస్తున్న సంగతిని మాత్రమే మరుగుపరుస్తుంది. అక్కడ అడుగవలసినది మంచి ఇయర్‌ఫోను కాదు, తగిన విశ్రాంతి.

ధ్వనివలన కలిగే చెవుడు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ప్రకటించదగిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉండినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కూడా ఆ జాబితాలో ఉన్నది. కాని అదే కోడ్ విద్యుత్తుతో నడిచే ఫ్యాక్టరీకి కార్మికుల కనీస సంఖ్యను పదినుండి ఇరువదికి పెంచినది. చిన్న చిన్న షెడ్డులుగా చీలి ఉండే మరమగ్గాల పరిశ్రమలో దీని అర్థం వేరుగా చెప్పనక్కరలేదు. వ్యాధి జాబితాలో ఉన్నది; వ్యాధిగ్రస్తుడు జాబితా బయట ఉన్నాడు.

ఇయర్‌ఫోన్లను పూర్తిగా నిషేధిస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. బండి నడుపుతూ ఫోనును చేతబట్టి వాడడం ఇప్పటికే శిక్షార్హమైన నేరం; అది సమంజసమే. కాని జరిమానా వినేవాని మీదనే పడుతున్నది, పిలిచేవాని మీద పడడం లేదు. ఆగి మాట్లాడితే బట్వాడా ఆలస్యం, సంజాయిషీ. ఆగక మాట్లాడితే ప్రమాదం, జరిమానా. పార్సెలుకు ఇంత చొప్పున కూలి పొందే యువకునికి ఆగిన ప్రతి నిమిషం కూలిలో కోతయే. నిషేధం న్యాయం కావలెనంటే, ముందుగా ఆగే హక్కు ఉండవలెను.

కాబట్టి మన కోర్కెలు స్పష్టంగా ఉండవలెను. ఉద్యోగి రోడ్డుమీద ఉన్నాడని తెలిసిన వేళ అతడు వెంటనే ఫోను ఎత్తవలెనని ఏ అధికారీ ఆశించరాదు. ఎత్తనందుకు సంజాయిషీ అడుగరాదు. బండి ఆపి మాట్లాడిన కాలం పని కాలంగానే లెక్కించబడవలెను. బీటు పరిమాణాన్ని నిర్ణయించేటప్పుడు దానిని కలుపవలెను. మోటారు సైకిలుపై బట్వాడా చేసే ప్రతివానికి, గ్రామీణ డాక్ సేవకులతో సహా, ప్రమాణం గల హెల్మెట్‌ను సైజు చూచి శాఖయే ఇవ్వవలెను. అధిక ధ్వనిలో పనిచేసేవారికి చెవి బిరడాలు, ఏటేటా వినికిడి పరీక్ష ఉండవలెను. కంటికి చూపే శ్రద్ధ చెవికి కూడా చూపవలెను. ఈ కోర్కెలను మనవరకే పరిమితం చేసుకొనరాదు. అదే వీధిలో మన ప్రక్కన తిరిగే పార్సెల్ యువకునికి సంఘం లేదు, సెలవు లేదు, రైల్వే ఆసుపత్రి లేదు. అతనికి సాధించని నియమం రేపు మనకూ నిలువదు.

అంతవరకు ఒక అలవాటు మన చేతిలోనే ఉన్నది. బయలుదేరేముందు దారి చూచుకొనండి. ఫోనును సంచిలో పెట్టండి. మ్రోగితే రోడ్డు ప్రక్కన ఆగండి. హెల్మెట్ లోపలి చెవి వినవలసిన మాటలు రోడ్డువి. అధికారి మాట రెండు నిమిషాలు ఆగగలదు; వెనుకనుండి వచ్చే లారీ ఆగదు.